సీటు కవరు కింద బెల్టు

ఆ రోజు ఆమె బెల్టు అడిగింది. నేను ఇవ్వలేదు.

సుచిత్ర చౌరస్తా దగ్గర కంటి ఆసుపత్రి మెట్ల ముందు నా కిరాయి కారు ఆపి, శామీర్‌పేటలో చేపలమ్మే అవ్వను చెయ్యి పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాను. ముందు రోజే ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ పొద్దున కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, చుక్కల మందు సీసాలు సంచిలో వేసి ఇంటికి పంపారు. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. ఇక ఆమెకున్నది ఆ ఒక్క కన్నే. నర్సు బండి దాకా వచ్చి జాగ్రత్తలన్నీ మళ్లీ ఒకసారి చెప్పింది. వంగొద్దు, బరువులెత్తొద్దు, తలకు ఎక్కడా తగలనివ్వొద్దు, బండిలో బెల్టు పెట్టుకోవాలి.

అవ్వ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. తలుపు పక్కన వేలాడుతున్న బెల్టును తడిమి పట్టుకుంది. ఛాతీ మీదుగా లాక్కుని, రెండో చేత్తో సీటంతా వెతికింది.

"కొడుకా, గిది ఏడ గుచ్చాలె?"

గుచ్చడానికి అక్కడేమీ లేదు. వెనక సీటు బెల్టుల లాకులు మూడూ సీటు కవరు కింద ఉన్నాయి. వాటిని అక్కడికి పంపింది నేనే. రెండేళ్ల కిందట కొత్త కవర్లు వేయించినప్పుడు షాపతను అడిగాడు, లాకుల దగ్గర కోతలు పెట్టాలా, లోపలికి తోసెయ్యాలా అని. తోసెయ్యమన్నాను. పెళ్లిళ్లకు వెనక నలుగురు, ఒక్కోసారి ఐదుగురు ఎక్కుతారు. కింద గుచ్చుకుంటున్నాయని ఎప్పుడూ ఎవరో ఒకరు గొణిగేవారు. కవరు వేశాక సీటు పరుపులా తయారైంది. చూసినవాళ్లంతా బాగుందన్నారు.

కావాలంటే బయటికి తీయొచ్చు. సీటు సందులో రెండు వేళ్లు దూర్చి, కవరు అంచును గట్టిగా పైకి లాగితే కిటికీ వైపు లాకు ఒకటి వస్తుంది. ఐదు నిమిషాల పని. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే కొంపల్లి కాలనీలో ఉండే ఒక టీచరమ్మ కోసం చాలాసార్లు తీశాను. వాళ్లది కోస్తా వైపు. మొదటిసారి ఎక్కినప్పుడే, "డ్రైవరు గారూ, పాపకి బెల్టు ఎక్కడండీ? లేకపోతే మేం వేరే బండి చూసుకుంటామండీ" అంది. మర్యాదగానే అంది గానీ, నిజంగానే దిగిపోయేటట్టు ఉంది. అప్పటి నుంచి ఆమె ట్రిప్పు ఉందంటే ముందే లాకు తీసి పెట్టేవాడిని. ఆమె దిగాక మళ్లీ లోపలికి తోసేవాడిని.

ఆ రోజు కూడా అవ్వను శామీర్‌పేటలో దింపి, పన్నెండింటికల్లా టీచరమ్మ ఇంటి ముందు ఉండాలి. ఆమె కోసం లాకు తీయాలని నాకు గుర్తుంది. ఆ తీసేదేదో ఇప్పుడే తీస్తే అవ్వకు కూడా పనికొస్తుందన్న ఆలోచన రాలేదని చాలా రోజులు చెప్పుకున్నాను. వచ్చింది. ఐదు నిమిషాలు ఆలస్యమవుతుందని పక్కకు నెట్టాను.

"వెనక సీటుకు అక్కర లేదవ్వా. మెల్లగనే తోల్త. నేనున్న గద," అన్నాను.

అవ్వ చెయ్యి వదిలేసింది. బెల్టు సర్రున వెనక్కి పోయి తలుపుకు తగిలింది.

నేనున్న గద. ఇరవై ఏళ్లుగా ఆ మాట అంటూనే ఉన్నాను. కాన్పుకు పోయేవాళ్లతో అన్నాను, పెళ్లికూతురి తల్లితో అన్నాను, వానలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కాలంటే భయపడే పెద్దాయనతో అన్నాను. ఆ మాట వినగానే జనం వెనక్కి వాలి కళ్లు మూసుకునేవారు. వాళ్లు నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని నా పనితనానికి దక్కిన మెప్పు అనుకున్నాను. వాళ్లకు నేనివ్వాల్సింది ఇవ్వకుండా ఆ మాటతో సరిపెడుతున్నానని ఒక్కసారి కూడా తోచలేదు.

నా బెల్టు సంగతి కూడా చెప్పాలి. మా మేడ్చల్ స్టాండులో చాలామంది చేసినట్టే నేనూ బెల్టును ముందే లాకులో పెట్టి, దాని ముందు కూర్చునేవాడిని. బెల్టు వీపు వెనక ఉంటుంది, బండి కుయ్ కుయ్‌మనదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ కిటుకు నేర్పింది కూడా నేనే. పోలీసులు కనపడితే మాత్రం పద్ధతిగా భుజం మీదికి లాక్కునేవాళ్లం. ఆ రోజు సుచిత్ర చౌరస్తాలో పోలీసులు నిలబడి ఉన్నారు. అందుకని పెట్టుకున్నాను. తర్వాత తీయడం మరిచిపోయాను.

కొంపల్లి దాటి, పెద్ద రోడ్డు వదిలి దేవరయాంజాల్ మీదుగా మళ్లాను. అటు నుంచి పోతే తొందరగా పోవచ్చు. అవ్వ నల్లద్దాల్లోంచి అన్నీ చూస్తోంది. ముందు సీట్ల మధ్యలోకి వంగి, రెండు చేతులూ రెండు సీట్ల మీద ఆనించి కూర్చుంది. గోడల మీద రాతలు, గేట్ల రంగులు, ఎదురుగా వచ్చే స్కూటీ మీద చీర, ఏది కనబడితే అది చెబుతోంది. వెనక్కి ఆనుకోమని ఒకసారి అన్నాను. వినలేదు. మళ్లీ అనలేదు. నిజానికి ఆ సంబరం నాకూ బాగుంది.

అద్దంలో నా వైపు చూసి, "నీ నెత్తి గింత తెల్లగైందా కొడుకా! ఇన్నొద్దులు నాకు ఎవ్వలు జెప్పలే," అంది.

నేను నవ్వాను. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. గోదాము గేటులోంచి ఒక లారీ వెనక్కి వెనక్కి రోడ్డు మీదికి వచ్చేసింది.

బండి నలభై మీద కూడా లేదు. బ్రేకు తొక్కాను. నా బెల్టు బిగుసుకుని భుజాన్ని వెనక్కి గుంజింది. పక్క సీటు తలదిండు మీద వెనక నుంచి ఏదో పడినట్టు చప్పుడైంది. లారీకి మూరెడు దూరంలో బండి ఆగింది. దేనికీ తగల్లేదు. బయట నుంచి చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే.

వెనక్కి తిరిగాను. నల్లద్దాలు వంకరపోయి ఒక చెవికి వేలాడుతున్నాయి. అవ్వ కుడికంటి మీద అరచెయ్యి పెట్టుకుంది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. కాసేపటికి చెయ్యి తీసి, కన్ను తెరిచి, అటూ ఇటూ తల తిప్పింది.

"సీకటైంది కొడుకా," అంది.

మళ్లీ సుచిత్రకు ఎట్లా వచ్చానో సరిగ్గా గుర్తు లేదు. టీచరమ్మ ఫోన్ చేస్తే టైరు పంక్చరైందని చెప్పడం మాత్రం గుర్తుంది.

డాక్టరమ్మ కంటిలోకి లైటు వేసి చూసింది. లోపల రక్తం దిగిందంది. ఆపరేషన్‌లో కంటి లోపల పెట్టిన అద్దం కదిలిందో లేదో రక్తం తగ్గితే గానీ తెలియదు. పడుకోకుండా తల ఎత్తుగా పెట్టుకుని కూర్చోవాలి, వారం తర్వాత మళ్లీ చూస్తానంది. చూపు వస్తుందా అని అడిగాను. ఇప్పుడేమీ చెప్పలేనంది. తర్వాత నా వైపు తిరిగి ఎట్లా తగిలిందని అడిగింది.

"కునుకు వట్టినట్టుంది మేడమ్. జరంత బ్రేకేస్తే ముందుకు ఒరిగింది," అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంటూ, బండిలో బెల్టు లేదా అంది. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది.

"ఉన్నది బిడ్డా. నేనే వెట్టుకోలే. ఊపిరాడదని."

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. డాక్టరమ్మ అవ్వను కాస్త మందలించి, కాగితం మీద ఇంకా ఏదో రాసింది.

అవ్వ వాళ్లది శామీర్‌పేట చెరువు మీద బతికే కుటుంబం. కొడుకు చెరువులోకి వల తీసుకుని పోతాడు. అవ్వ, కోడలు రోడ్డు పక్కన కూర్చుని చేపలు అమ్ముతారు. చేపలు కోసేది అవ్వే. కత్తిపీట ముందు మోకాలెత్తి కూర్చుందంటే, మాట్లాడుతూ మాట్లాడుతూనే పొలుసు తీసి ముక్కలు చేసి ఇచ్చేది. ఏడాదిగా మసక ఎక్కువై రెండుసార్లు వేలు తెగింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది అందుకే. ఆ పొద్దున కోడలు బేరం వదిలి రాలేక, నన్ను నమ్మి అత్తను తీసుకురమ్మని పంపింది.

సాయంత్రం అవ్వను ఇంట్లో దింపి, కోడలికి కూడా ఆసుపత్రిలో చెప్పిన మాటే చెప్పాను. అప్పటికి ఆ మాట చెప్పడం నాకు అలవాటైపోయింది. ఆమె నా మొహం కేసి చూసి, సరే అన్నా, అని అత్త వీపు వెనక దిండ్లు సర్దింది.

ఇంటికి పోయి చొక్కా విప్పితే నా కుడి భుజం మీద బెల్టు కందించిన గీత ఉంది. వేలెడు వెడల్పున, ఎర్రగా, ఏటవాలుగా. మా ఆవిడ చూసి ఏమైందని అడిగింది. గోడ గీసుకుందన్నాను. ఆ ఒక్క రోజులో నేను చెప్పిన నాలుగో అబద్ధం అది.

మర్నాటి నుంచి ఒక చోట కూర్చోలేకపోయాను. స్టాండులో బండి పెడతాను, పది నిమిషాల్లో తీసేస్తాను. అవసరం లేకున్నా శామీర్‌పేట దాకా పోతాను. ముందుకు అలియాబాద్ చౌరస్తా దాకా పోయి, బండి తిప్పి, మళ్లీ అదే దారిన వస్తాను. చెరువు దగ్గర కోడలు ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఆమె కోత నిదానం. నలుగురు నిలబడితే ఇద్దరు విసుక్కుని పోతుంటారు. బండి నెమ్మది చేస్తాను, ఆపను. ఆమె తలెత్తి చూసినట్టు అనిపిస్తే ఒక్కసారిగా వేగం పెంచుతాను. తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు ఆ ఎర్ర గీత మీదికి చెయ్యి పోయేది. నొక్కితే నొప్పి. ఎందుకో మళ్లీ మళ్లీ నొక్కేవాడిని.

ఎవరైనా వెనక సీట్లోకి ఎక్కితే ఇంకా కష్టం. ఒక తల్లి పిల్లను ఒళ్లో నిలబెట్టుకుని కిటికీలోంచి చెట్లు చూపిస్తుంటే మేడ్చల్ నుంచి తూంకుంట దాకా ఇరవై మీద నడిపాను. వెనక బండ్లన్నీ హారన్లు. ఆమె భర్త, ఏందన్నా, ఊరేగింపుకు వోతున్నమా అని నవ్వాడు. లాకు తీసి ఇవ్వడానికి ఎక్కడైనా ఆపొచ్చు. ఆపలేదు. ఇప్పుడు తీస్తే, ఆ రోజు కూడా తీయగలిగేవాడినే అని నాకు నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అంత పిరికితనం నాలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాలుగో రోజు పొద్దున చెరువు దగ్గర బండి ఆపేశాను. ఆపాలని అనుకోలేదు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. కోడలి ముందు ఇద్దరు బేరగాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి, వాళ్ల ముందే చెప్పాను. మీ అత్త కునుకు తీయలేదు. బెల్టు అడిగింది. లాకులు కవరు కింద పెట్టించింది నేను, తీయనిది నేను. డాక్టరమ్మ దగ్గర ఆమె నా కోసం అబద్ధం చెబుతుంటే వింటూ నిలబడ్డది నేను.

బేరగాళ్లలో ఒకాయన చేపల సంచి పట్టుకుని నా వైపు వింతగా చూశాడు. కోడలు చేతిలోని చేపను పూర్తిగా కోసి, ముక్కలు సంచిలో వేసి ఇచ్చి, చేతులు కడుక్కుంది.

"మా అత్త ఆ రాత్రే జెప్పింది అన్నా. నువ్వు జెప్తవా లేదా అని సూస్తున్న. నాలుగొద్దుల సంది గీ రోడ్డు మీద తిరుగుతున్నవు, నాకు గనవడ్తలేదనుకున్నవా?"

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాకు జెప్పి ఏం లాభం? నేనేమన్న డాక్టర్‌నా? వోయి ఆమెకు జెప్పు," అంది. గొంతు పెంచలేదు. మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది.

అవ్వ ఇంట్లో గోడకు ఆనుకుని, దిండ్ల మధ్య నిటారుగా కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టింది. ఆసుపత్రికి పోదాం పదమన్నాను. వారం కాలేదు గదా అంది. నా కోసం ఎందుకట్ల చెప్పావని అడిగాను.

"నిజం జెప్తే నీ బండి పోలీసోళ్లు గుంజుకపోతరేమో అనుకున్న. గప్పుడు నన్నెవలు తోల్కవోతరు కొడుకా? ఆటోల వోతె నడుములు విరుగుతయి," అంది.

ఆమెను బండి దగ్గరికి నడిపించుకొచ్చాను. టైర్లు విప్పే పనిముట్ల సంచిలో పాత బ్లేడు ఒకటి ఉంది. నేల మీద మోకాళ్లూని సీటు కవరును మూడు చోట్ల కోశాను. లాకులు మూడూ బయటికి తీశాను. వాటిలో దుమ్ము, పాత పెళ్లి అక్షింతలు. నోటితో ఊది, గుడ్డతో తుడిచి, అవ్వను కూర్చోబెట్టి ఆమె బెల్టును నా చేత్తో పెట్టాను. టక్‌మంది.

"గింతేనా?" అంది అవ్వ.

అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నా మీద అరుస్తుందనుకున్నాను. కాగితాలు ముందుకు తెచ్చుకుని వేరే ప్రశ్నలు వేసింది. బండి ఎంత వేగంతో ఉంది, మొహం దేనికి తగిలింది, దిండుకా, దాని కింది ఇనుప కడ్డీకా అని. కునుకులో ఒరిగిందంటే మెల్లగా తగిలిందనుకున్నాం, ఇంత గట్టిగా తగిలితే కంటి వెనక పొర కూడా చూడాలి, ఆ రోజే చెప్పాల్సింది అంది. అవ్వను వెంటనే లోపలికి తీసుకుపోయారు.

నేను వరండాలో నడిచాను. కూర్చోమని ఎవరో బల్ల మీద చోటిచ్చారు. కూర్చుని, లేచి, మళ్లీ నడిచాను. పొర చిరిగి ఉంటే, నాలుగు రోజులుగా అది ఇంకా ఇంకా చిరుగుతూ ఉంటే, ఆ నాలుగు రోజులూ నేను అలియాబాద్ దాకా పోయి వస్తూ ఉన్నాను. అక్కడ గోడ మీద కన్ను బొమ్మ ఒకటి ఉంది, పొరలన్నిటికీ రంగులు వేసి. దాని ముందు నిలబడలేక బయటికి పోయాను. బయట ఉండలేక లోపలికి వచ్చాను.

పొర ఒక మూల చిరిగింది. చిన్నదే. రక్తం కొంత తగ్గింది కాబట్టి కనబడిందట. ఆ రోజే లేజర్‌తో అతికించారు. ఇంకో నాలుగు రోజులు ఆగి వచ్చి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ అంది. ఆ మాట నాతో కాదు, అవ్వతో అంది. అవ్వ నా వైపు తల తిప్పింది.

చూపు వచ్చింది. మెల్లగా, మూడు వారాలకు. రావాల్సినంత రాలేదు. ఎటు చూసినా ఒక నల్ల దారప్పోగు అడ్డంగా తేలుతూ ఉంటుందట, అది పోదట. అవ్వ మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది గానీ చిన్న చేపలు కోడలికే వదిలేస్తోంది. "పోగును వక్కకు జరిపి సూస్త," అంటుంది నవ్వుతూ. నాకు నవ్వు రాదు.

తర్వాత టీచరమ్మకు ఫోన్ చేసి, ఆ రోజు టైరు పంక్చరు కాలేదని చెప్పాను. మా ఆవిడకు గోడ గీసుకోలేదని చెప్పాను. స్టాండులో అందరి ముందు నా బెల్టు వీపు వెనక నుంచి తీసి భుజం మీద వేసుకున్నాను. వెనక ముగ్గురి కంటే ఎక్కువ ఎక్కించుకోనన్నాను. పెళ్లి ట్రిప్పులు పక్క బండ్లకు పోతున్నాయి. పోనీ అనుకున్నాను. బెల్టు పెట్టుకునేదాకా బండి కదల్చను. ముసలివాళ్లయితే నేనే దిగి, వెనక తలుపు తీసి బెల్టు పెడతాను.

స్టాండులో వాళ్లు ఊరుకోలేదు. ఏందన్నా, ఇగ ఎక్కినోళ్లను కట్టేసి తోల్తవా అని ఒకడు, నేర్పినోడే మరిస్తే మేం ఎవర్ని అడగాలె అని ఇంకొకడు. రెండో మాట నవ్వులాటకే అన్నాడు. కానీ అందులో అబద్ధం లేదు. ఆ కిటుకు వాళ్లకు నేర్పింది నేను. సీటు కవర్లు వేసే ఆ షాపు చూపించింది కూడా నేనే. అందుకని ఒక మధ్యాహ్నం బ్లేడు పట్టుకుని ఒక్కొక్కరి బండి దగ్గరికి పోయాను. అవ్వ సంగతి దాచకుండా చెప్పాను. ఇద్దరు తలుపులు తీశారు. వాళ్ల కవర్లు నేనే కోసి, అంచులు విడిపోకుండా మా ఆవిడతో కుట్టించి ఇచ్చాను. మూడో అతను కవర్లు కొత్తవన్నాడు. రోజూ అడుగుతున్నాను. నిన్న తాళం ఇచ్చాడు.

ఇంకొకడున్నాడు. మా స్టాండులో ఏడాది ఉండి, ఆ కిటుకుతో సహా నా దగ్గర పని నేర్చుకుని పోయాడు. ఇప్పుడు అలియాబాద్ వైపు బడి పిల్లల వ్యాను నడుపుతున్నాడని విన్నాను. రెండుసార్లు పోయాను, దొరకలేదు. బడి వదిలే వేళకు గేటు దగ్గర ఉంటాడట. బ్లేడు చొక్కా జేబులో పెట్టుకున్నాను. బెల్టు పెట్టుకుని బండి తీశాను.